సీఎన్‌జీ నుంచి ఈవీ దాకా: ఢిల్లీ గాలి కథలో ఎవరూ పట్టించుకోని ఒక లైన్

ఈరోజు ఢిల్లీ గాలి గురించి మాట్లాడుకుందాం. ప్రతి నవంబర్‌లో టీవీలో ఒకటే సీన్ కదా. పొగ వెనకాల మసకమసగ్గా ఇండియా గేట్, స్కూళ్ళకి సెలవులు, ఏక్యూఐ 400 దాటింది అని బ్రేకింగ్ న్యూస్. ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట గ్యారెంటీగా వినిపిస్తుంది: "బండ్లన్నీ ఎలక్ట్రిక్ చేసి పడేస్తే అయిపోతుంది కదా!"

వినడానికి బానే ఉంది. కానీ ఇందులో ఒక విషయం మనకి ఎవరూ చెప్పరు. ఢిల్లీ ఈ పని ఆల్రెడీ ఒకసారి చేసింది. ఎలక్ట్రిక్ కాదు, గ్యాస్. ఊళ్ళో తిరిగే బస్సులు, ఆటోలు మొత్తానికి మొత్తం ఇంధనం మార్చేసింది. ప్రపంచంలో ఇంత పెద్ద ఊరు ఇంత తక్కువ టైమ్‌లో ఇలా చేయడం అంతకుముందు దాదాపు లేదు. అది పనిచేసింది కూడా. మరి ఇప్పుడు మళ్ళీ 400 ఎందుకు కనిపిస్తోంది? ఆ కథ తెలిస్తేనే ఈవీల కథ అర్థమవుతుంది.

1985కి వెళ్దాం. ఎం.సి. మెహతా అనే లాయర్ సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తాజ్‌మహల్ చుట్టూ ఫ్యాక్టరీల కేసు, గంగ కాలుష్యం కేసు, ఇవన్నీ ఆయనవే. ఈసారి కేసు ఢిల్లీ బండ్ల పొగ మీద. మన కోర్టుల సంగతి తెలిసిందే, పదేళ్ళు నడిచింది. కొన్ని చిన్నచిన్న ఆర్డర్లు వచ్చాయి. 1995లో ఢిల్లీతో సహా 4 మెట్రోల్లో సీసం లేని పెట్రోల్ అమ్మడం మొదలైంది. 1996లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ "స్లో మర్డర్" అని ఒక రిపోర్ట్ వేసింది. టైటిల్‌లోనే విషయం ఉంది. పొగ ఎక్కువైంది అని ఊరుకోలేదు వాళ్ళు. ఇంజిన్ డిజైన్, ఇంధనం క్వాలిటీ, మెయింటెనెన్స్, రూల్స్, ఎక్కడెక్కడ ఎవరు వదిలేశారో ఒక్కొక్కటే విప్పి చూపించారు. ఆ సంస్థని నడిపిన అనిల్ అగర్వాల్ ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్ చదివి జర్నలిజంలోకి వచ్చిన మనిషి. బీటెక్ చేసి వీడియోలు చేసుకుంటున్న నాలాంటివాడికి ఆయన పేరు చెప్పేటప్పుడు కొంచెం గర్వం ఎక్కువే ఉంటుంది, ఏమనుకోకండి.

ఇప్పుడు అసలు డేట్. 1998 జూలై 28. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

ఆరోజు సుప్రీంకోర్టు ఒక లిస్ట్ ఇచ్చింది. 1998 సెప్టెంబర్ 1 నాటికి సీసం పెట్రోల్ ఢిల్లీలో పూర్తిగా ఆగిపోవాలి. పాత ఆటోలు, ట్యాక్సీలు పోయి, క్లీన్ ఇంధనంతో నడిచే కొత్తవి రావాలి. 2001 మార్చి 31 నాటికి సిటీ బస్సులన్నీ సీఎన్‌జీ మీద నడవాలి. ఇదంతా అందరికీ తెలిసిన భాగం. ఇదే లిస్ట్‌లో ఇంకో లైన్ ఉంది: 2001 ఏప్రిల్ 1 నాటికి ఢిల్లీలో బస్సుల సంఖ్య 10,000కి పెరగాలి.

అంటే కోర్టు రెండు పనులు చెప్పింది. ఇంధనం మార్చండి, బస్సులు పెంచండి. ఈ రెండో లైన్ గురించే ఈ ఎపిసోడ్. దాన్ని కాసేపు పక్కన పెడదాం, మళ్ళీ వస్తా.

ఇంధనం మార్చడం ఎలా జరిగిందంటే, సినిమా చూపించారు. మూడేళ్ళు ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. గడువు ఎలాగూ పొడిగిస్తారులే అన్న ధీమా. డీటీసీ నెమ్మదిగా కదిలింది, ప్రైవేట్ ఆపరేటర్లు అసలు కదల్లేదు. 2001 మార్చి ఆఖర్లో కోర్టు మెలిక పెట్టింది: సీఎన్‌జీకి ఆర్డర్ ఇచ్చామని చూపించినవాళ్ళకే ఇంకొంత టైమ్, మిగతావాళ్ళ డీజిల్ బస్సులు రోడ్డెక్కడానికి వీల్లేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఢిల్లీ అల్లాడిపోయింది. బస్టాపుల్లో జనం, వచ్చిన ఒక్క బస్సు టాప్ మీద జనం, అక్కడక్కడా రాళ్ళు, మంటలు.

గ్యాస్ బండి కొన్నవాడి పరిస్థితి ఇంకా ఘోరం. బండి ఉంది, గ్యాస్ లేదు. ఇంద్రప్రస్థ గ్యాస్ అనే కంపెనీ పుట్టిందే 1998లో. స్టేషన్లు తక్కువ, ప్రెషర్ తక్కువ. ఆటోవాళ్ళు గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా లైన్లో ఉండేవాళ్ళు. ఆటో డ్రైవర్‌కి రోజు అంటే కిరాయి. లైన్లో నిలబడిన గంట సంపాదన పోయిన గంట. అద్దె ఆటో అయితే ఓనర్‌కి రోజువారీ డబ్బులు ఎలాగూ కట్టాలి. ఢిల్లీ గాలి బాగుపడటానికి మొదటి వాయిదా కట్టింది ఎవరయ్యా అంటే, ఆ క్యూలో ఆటోలోనే కునుకు తీసిన డ్రైవర్లు. ఇది చాలా డాక్యుమెంటరీల్లో ఒక్క షాట్‌లో అయిపోతుంది.

ఇక్కడ ఒక టెక్నికల్ గొడవ కూడా నడిచింది, నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది. కేంద్రం 2001లో ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది. వాళ్ళు ఏమన్నారంటే, ప్రభుత్వం ఫలానా ఇంధనమే వాడు అని చెప్పకూడదు, ఇంత పొగ దాటకూడదు అని లిమిట్ పెట్టి వదిలేయాలి, ఎలా చేరుకుంటారో కంపెనీల ఇష్టం. ఇంజనీరింగ్ పరంగా చూస్తే కరెక్ట్ మాట. ఏ సిస్టమ్‌కైనా రిజల్ట్ ఏం కావాలో చెప్తాం, లోపల కోడ్ ఎలా రాయాలో చెప్పం కదా. కానీ ఆరోజు ఢిల్లీలో డీజిల్‌లో కిరోసిన్ కలిపేవాళ్ళు. టెస్ట్ బెంచ్ మీద పాసైన ఇంజిన్ రోడ్డు మీద ఆ కల్తీ తాగి నల్ల పొగే కక్కుతుంది. గ్యాస్‌లో కిరోసిన్ కలపలేరు. ఈ ఒక్క కారణం చాలు అని సీఎన్‌జీ వైపు వాళ్ళు వాదించారు. నన్నడిగితే వాళ్ళదే రైట్. రూల్ ఎంత అందంగా ఉంది అన్నది కాదు, దాన్ని ఎగ్గొట్టడం ఎంత కష్టం అన్నది చూడాలి.

కోర్టు కూడా వెనక్కి తగ్గలేదు. 2002 ఏప్రిల్ 5న ఆర్డర్ వచ్చింది. తిరుగుతున్న ప్రతి డీజిల్ బస్సుకీ రోజుకి 500 రూపాయలు ఫైన్, నెల దాటితే రోజుకి 1,000. దాంతోపాటు నెలకి 800 చొప్పున డీజిల్ బస్సులు తీసేయాలి. గడువు పొడిగించండి అని అడగడం ఎప్పుడు ఆగిందంటే, అడిగే ప్రతి రోజుకీ రేటు పెట్టాక. 2002 డిసెంబర్ మొదటికల్లా డీజిల్ సిటీ బస్సులు దాదాపు మాయమైపోయాయి. అనిల్ అగర్వాల్ అది చూడలేదు. క్యాన్సర్‌తో అదే ఏడాది జనవరి 2న చనిపోయారు.

సరే, గాలి మారిందా? మారింది. బస్సు వెనకాల నల్లటి పొగ పోయింది. కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ తగ్గాయి. దుమ్ముకణాలు కొన్నేళ్ళు పెరగకుండా ఆగాయి. ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్నవాళ్ళని అడగండి, తేడా కళ్ళకే తెలిసింది అంటారు. కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గలేదు. 2007 వచ్చేసరికి మొత్తం గ్రాఫ్ మళ్ళీ పైకి ఎక్కడం మొదలైంది.

ఇప్పుడు పక్కన పెట్టిన రెండో లైన్ తీద్దాం. 10,000 బస్సులు.

రాలేదు. 2001లో రాలేదు, 2010లో కామన్‌వెల్త్ గేమ్స్‌కి కొత్త లో-ఫ్లోర్ బస్సులు కొన్నప్పుడూ ఆ నంబర్ రాలేదు, ఇరవై ఏళ్ళు దాటాక కూడా రాలేదు. 2002 డిసెంబర్ 24న మెట్రో మొదలైంది, అద్భుతంగా పెరిగింది, కాదనను. కానీ మెట్రో దిగాక ఇంటికి వెళ్ళాలిగా? బస్సు లేకపోతే మనిషి ఏం చేస్తాడు, బండి కొంటాడు. 2001 ప్రాంతంలో ఢిల్లీలో రిజిస్టర్ అయిన బండ్లు 35 లక్షల దగ్గర్లో ఉండేవి. 2017లో ఆ లెక్క కోటి దాటింది. అందులో రోడ్డు మీద లేని పాతవి కూడా ఉన్నాయనుకోండి, అయినా దిశ మాత్రం అర్థమవుతోంది కదా. ఇంకో తమాషా ఏంటంటే, బస్సుల్లోంచి డీజిల్‌ని తరిమేశాక అదే డీజిల్ కార్లలోకి వచ్చింది. పెట్రోల్ కంటే చవక కాబట్టి. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకుని, 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపాల్సి వచ్చింది. కొన్ని నెలల తర్వాత 1 శాతం సెస్ కట్టించుకుని వదిలేశారు.

ఇంకా విచిత్రం ఆటోలది. కాలుష్యం అని 1997లో ఆటోల సంఖ్య మీద కోర్టు సీలింగ్ పెట్టింది. తర్వాత అవి గ్యాస్‌కి మారిపోయాయి, సీలింగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. కార్లకి లేని లిమిట్ ఆటోలకి! ఫలితం, పర్మిట్ ధర ఆటో ధరని మించిపోయింది. ఫైనాన్షియర్లు బాగుపడ్డారు, డ్రైవర్లు అద్దెకే తిరిగారు. 2011లో గానీ లక్ష దాకా పెంచలేదు.

అంటే ఒక బస్సు పొగ తగ్గించాం, నలభై మందికి నలభై బండ్లు కొనిచ్చాం. ఇంధనం మారితే వచ్చిన లాభాన్ని కిలోమీటర్లు తినేశాయి.

ఇప్పుడు ఎలక్ట్రిక్ దగ్గరికి వద్దాం. ఢిల్లీలో ఎలక్ట్రిక్ బండి ఎక్కడ మొదలైందో చెప్పండి చూద్దాం. కార్ షోరూమ్‌లో కాదు, స్టార్టప్ ఆఫీసులో కాదు. మెట్రో స్టేషన్ బయట. ఈ-రిక్షా. మన దగ్గర నుంచి సివిల్స్ కోచింగ్‌కి రాజిందర్ నగర్, ముఖర్జీ నగర్ వెళ్ళినవాళ్ళకి బాగా తెలుసు, పది రూపాయలకి ఎక్కి ఉంటారు.

2010 ప్రాంతంలో ఇవి కనిపించడం మొదలైంది. చైనా నుంచి విడిభాగాలు, ఇక్కడ చిన్న షెడ్లలో బిగింపు. నాలుగు లెడ్-యాసిడ్ బ్యాటరీలు, ఒక చిన్న మోటార్, ఒక రేకు టాప్. సబ్సిడీ లేదు, పాలసీ లేదు, యాడ్ లేదు. కాళ్ళతో సైకిల్ రిక్షా తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి అప్పు చేసి కొన్నాడు. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాడో అతనికి తెలుసు, ఛార్జింగ్‌కి ఎంతవుతుందో తెలుసు, లెక్క కుదిరింది. నా దృష్టిలో ఇండియాలో మొదటి నిజమైన ఈవీ మార్కెట్ ఇదే.

రూల్స్ మాత్రం లేవు. మోటార్ 250 వాట్ల లోపు, స్పీడ్ 25 లోపు ఉంటే అది మోటార్ వెహికలే కాదు అని ఒక నిబంధన ఉండేది. అమ్మేవాళ్ళు దాన్ని పట్టుకుని అంతకంటే పెద్ద మోటార్లు పెట్టి అమ్మారు. నంబర్ ప్లేట్ లేదు, లైసెన్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. 2014 జూలైలో త్రిలోక్‌పురిలో ఒక ఈ-రిక్షా ఒక తల్లిని గుద్దింది. ఆమె చేతిలోని పసిబిడ్డ పక్కన మిఠాయి కొట్టు వేడి పాకంలో పడి చనిపోయాడు. అదే నెల 31న ఢిల్లీ హైకోర్టు ఈ-రిక్షాలని నిషేధించింది.

కోర్టుని తప్పుపట్టలేం. ఆ తల్లికి ఎవరు జవాబు చెప్తారు? ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే పరిహారం అడగడానికి కూడా మనిషి లేడు. కానీ నిషేధంతో రాత్రికి రాత్రి కూలిపోయిన కుటుంబాలూ వేలల్లో ఉన్నాయి. ఆ అక్టోబర్‌లో కేంద్రం రూల్స్ తెచ్చింది: గంటకి 25 కిలోమీటర్ల స్పీడ్, నలుగురు ప్యాసింజర్లు, లైసెన్స్, రిజిస్ట్రేషన్. 2015లో మోటార్ వెహికల్స్ చట్టాన్నే సవరించారు. ఐదేళ్ళ ముందు చేయాల్సిన పని.

ఇంకో సంగతి. 1998లో పెట్రోల్‌లోంచి సీసం తీసేశాం అని సంబరపడ్డాం కదా. ఈ-రిక్షా బ్యాటరీ నిండా సీసమే. ఏడాది, ఏడాదిన్నరకి చచ్చిపోతుంది. దాన్ని లైసెన్స్ ఉన్న రీసైక్లర్ దగ్గరికి కాకుండా ఊరవతల షెడ్డులో కరిగిస్తే, ఆ సీసం మళ్ళీ గాల్లోకి, మట్టిలోకే. లిథియంకి మారితే ఇది తగ్గుతుంది. కానీ మొదటి రోజు పెట్టుబడి పెరుగుతుంది, అది కట్టాల్సింది మళ్ళీ అదే రిక్షా మనిషి.

2020 ఆగస్టు 7న ఢిల్లీ ప్రభుత్వం ఈవీ పాలసీ తెచ్చింది. అప్పటికి దేశంలో మంచి పాలసీల్లో ఒకటి, డౌట్ లేదు. టూవీలర్‌కి, రిక్షాకి 30,000 రూపాయల దాకా సబ్సిడీ, మొదటి 1,000 కార్లకి లక్షన్నర దాకా. 2024కల్లా కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లలో 25 శాతం ఎలక్ట్రిక్ కావాలని టార్గెట్. చేరింది సగం చుట్టుపక్కల. సబ్సిడీ డబ్బులు కూడా చాలామందికి నెలల తరబడి రాలేదు.

కానీ నా అసలు అభ్యంతరం 25 దగ్గర ఆగిపోయామా 12 దగ్గర ఆగిపోయామా అన్నది కాదు. ఆ శాతం దేన్ని కొలుస్తోంది? అమ్మిన బండ్లని. గాలికి అమ్మకాలతో పనిలేదు, తిరిగిన కిలోమీటర్లతో పని. ఉజ్జాయింపు లెక్క ఒకటి వేద్దాం. ఆఫీసుకి వెళ్ళొచ్చే స్కూటర్ రోజుకి 20 కిలోమీటర్లు తిరుగుతుంది. డెలివరీ బండి 100 దాటుతుంది. సిటీ బస్సు 200 దాకా తిరుగుతుంది, అదీ నలభై యాభై మందితో. ఈ మూడూ రిజిస్ట్రేషన్ లెక్కలో ఒక్కొక్కటే! అందుకే 2023 నవంబర్‌లో ఢిల్లీ తెచ్చిన అగ్రిగేటర్ స్కీమ్ నాకు పాలసీ కంటే బాగా నచ్చింది. క్యాబ్, డెలివరీ కంపెనీల బండ్లన్నీ 2030 ఏప్రిల్ 1 నాటికి ఎలక్ట్రిక్ కావాలి అంది. రోజంతా తిరిగే బండిని పట్టుకుంది. 1998 ఆర్డర్ పట్టుకున్నదీ సరిగ్గా ఆ బండ్లనే. ఇక్కడ ఒక్కటే చూడాలి, ఆ ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందా, డెలివరీ బాయ్ ఈఎంఐలో పడుతుందా అని.

బండ్ల పొగ మొత్తం పోయినా ఎంత తగ్గుతుంది అని అడగొచ్చు. ఐఐటీ కాన్పూర్ 2016లో ఇచ్చిన స్టడీలో ఢిల్లీ పీఎం 2.5 ఉద్గారాల్లో రోడ్డు దుమ్ము 38 శాతం, బండ్లు 20 శాతం. ఇళ్ళలో పొయ్యిలు, ఫ్యాక్టరీలు ఆ తర్వాత. నవంబర్‌లో పంజాబ్, హర్యానా పొలాల పొగ వీటికి తోడు. రోడ్డు దుమ్ము లేపేది కూడా బండే, అది ఎలక్ట్రిక్ అయినా టైరు టైరే. పైగా బ్యాటరీ బరువు. ఒక్క బ్రేకుల దగ్గర మాత్రం లాభం ఉంది, రీజెనరేటివ్ బ్రేకింగ్ వల్ల ప్యాడ్ల అరుగుదల తగ్గుతుంది.

కరెంట్ సంగతి కూడా చూడాలి. ఢిల్లీ తన చివరి బొగ్గు ప్లాంట్ బదర్‌పూర్‌ని 2018 అక్టోబర్‌లో మూసేసింది. కరెంట్ ఎక్కువ భాగం బయట నుంచి వస్తుంది, అందులో చాలావరకు బొగ్గుదే. ఆ చిమ్నీల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో ప్రయాణం చేస్తూ చేస్తూ సన్నని కణాలుగా మారి మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది. దాన్ని ఆపే పరికరాలు 2017కల్లా బిగించాలని 2015లో రూల్ పెట్టారు. గడువు మీద గడువు ఇచ్చుకుంటూ పోయి, 2025 జూలైలో ఎక్కువ శాతం ప్లాంట్లకి మినహాయింపే ఇచ్చేశారు. అయినా ఈవీ నయమే అంటాను. మీ పిల్లాడి ముక్కు ఎత్తులో ఉండే సైలెన్సర్ కంటే దూరంగా ఉన్న ఒక చిమ్నీకి ఫిల్టర్ పెట్టడం సులువు. పెట్టాలంతే.

2025లో రెండు విషయాలు జరిగాయి. జూలై 1 నుంచి 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బండ్లకి బంకుల్లో ఇంధనం పోయొద్దన్నారు. కెమెరాలు పెట్టారు. జనం ఎదురు తిరిగారు, కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 15 ఏళ్ళ స్కూటర్ నడిపేవాడు సరదాకి నడపడు కదా, కొత్తది కొనలేక నడుపుతాడు. బస్టాప్‌లో పది నిమిషాలకొక బస్సు ఉంటే అతనితో మాట్లాడే మాట వేరేగా ఉండేది.

రెండోది, ఏప్రిల్‌లో బయటికొచ్చిన కొత్త ఈవీ పాలసీ ముసాయిదా. అందులో సీఎన్‌జీ ఆటోలని దశలవారీగా తీసేయాలన్న ప్రతిపాదన ఉంది. రాత్రంతా క్యూలో నిలబడి ఎక్కించుకున్న ఆ గ్యాస్ ఇప్పుడు పాత టెక్నాలజీ అయిపోయింది. టెక్నికల్‌గా తప్పేం లేదు. కానీ ఈసారైనా ఛార్జింగ్ పాయింట్ ముందు వస్తుందా, ఆర్డర్ ముందు వస్తుందా?

బస్సుల సంగతికొస్తే, డీటీసీకి మొదటి ఎలక్ట్రిక్ బస్సు 2022 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత వేగంగానే పెరిగాయి. ఈలోపు వయసైపోయిన సీఎన్‌జీ బస్సులు అంతే వేగంగా రిటైర్ అవుతున్నాయి. ఎలక్ట్రిక్ బస్సులు ఎన్ని వచ్చాయి అని ప్రెస్‌మీట్‌లో చెప్తారు. మొత్తం బస్సులు ఎన్ని మిగిలాయి అని అడిగితేనే చెప్తారు.

మన దగ్గర కూడా ఇదే లెక్క చూడండి. తెలంగాణలో ఈవీలకి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ చేస్తూ 2024 నవంబర్‌లో జీవో వచ్చింది. కారు కొనేవాళ్ళకి లక్షల్లో మిగులు. హైదరాబాద్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2019లో ఎయిర్‌పోర్ట్ రూట్లలో 40తో మొదలయ్యాయి. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ స్కీమ్ కింద ఢిల్లీకి 2,800, హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఆ 2,000 వచ్చేటప్పుడు ఎన్ని డీజిల్ బస్సులు డిపో నుంచి బయటికెళ్ళిపోతున్నాయో కూడా పక్కన రాసుకోండి. రెండేళ్ళ తర్వాత ఆ రెండు నంబర్లతో ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటా మరి.